బీఏ చదివే అమ్మాయిని మాన్పించాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాలుగెకరాల పత్తి చేను మీదే బతుకుతున్నం. బీసీ-డి. అమ్మాయి నల్లగొండ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో తెలుగు మీడియంలో బీఏ రెండో ఏడాది చదువుతున్నది. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ తీసుకుంది. మార్కులు బాగానే వస్తున్నయి. చుట్టాలేమో "బీఏకు ఏం నౌకరీ వస్తది, ఇప్పటికైనా మాన్పించి ఏదన్న కంప్యూటర్ కోర్సులో వెయ్యి" అంటున్నరు. ఏం చెయ్యమంటరు?

జవాబు: మాన్పించకండి. సగంలో ఆపితే పోయేది డిగ్రీ అనే అర్హతే. గ్రూప్-2కు, బ్యాంకు పరీక్షలకు, ఎల్‌ఎల్‌బీకి, బీఈడీకి, ఎంఏకు అడిగేది అదే. పైగా గ్రూప్-2లో ఒక్కోటి 150 మార్కుల చొప్పున నాలుగు పేపర్లుంటాయి. రెండోది చరిత్ర, రాజ్యాంగం, సమాజం. మూడోది ఆర్థిక వ్యవస్థ. నాలుగోది తెలంగాణ ఉద్యమం. బీటెక్ చదివిన పిల్లలు కోచింగుకు డబ్బు కట్టి మొదటి నుంచి నేర్చుకునే పాఠాలు మీ అమ్మాయి రోజూ క్లాసులోనే వింటోంది.

అయితే మీ చుట్టాల మాటలో ఒక నిజం ఉంది. బీఏ పట్టా ఒక్కటే చేతికొస్తే మంచి ఉద్యోగం దొరకడం కష్టం. దాని మీద ఇంకో రెండేళ్ల చదువు ఉండాలి. ఆ రెండేళ్లు ఎక్కడ, ఏం చదవాలో ఇప్పుడే అనుకోవాలి. మన జిల్లాల పిల్లలు ఫైనల్ ఇయర్ పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చాక ఆలోచన మొదలుపెడతారు. అప్పటికి ముఖ్యమైన దారి ఒకటి మూసుకుపోయి ఉంటుంది.

ఆ దారి సీయూఈటీ పీజీ, అంటే సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ చేయాలన్నా, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చేరాలన్నా ఈ పరీక్ష రాయాలి. కొన్నేళ్లుగా దరఖాస్తులు డిసెంబర్, జనవరిలో తీసుకుని మార్చిలో పరీక్ష పెడుతున్నారు. అంటే ఐదో సెమిస్టర్ అయ్యీ అవకముందే దరఖాస్తు పెట్టాలి. ఫైనల్ ఇయర్‌లో ఉండగానే రాయొచ్చు. 75 ప్రశ్నలు, ఒక్కోటి నాలుగు చొప్పున 300 మార్కులు. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. అరవై ప్రశ్నలు పెట్టి నలభై అయిదు సరైతే 180లోంచి 15 పోయి 165 వస్తాయి. కాబట్టి బొత్తిగా తెలియని ప్రశ్నను వదిలేయడం నేర్చుకోవాలి.

ఇక్కడ మన పిల్లలకు రెండుచోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి కుల ధ్రువపత్రం. మీ దగ్గరున్న బీసీ-డి సర్టిఫికెట్ రాష్ట్రంలో చెల్లుతుంది, సెంట్రల్ యూనివర్సిటీలో చెల్లదు. అక్కడ కేంద్ర నమూనాలో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణిలో లేరని చెప్పే) పత్రం అడుగుతారు. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేవు. ముందు ఆ జాబితాలో మీ కులం పేరు చూసుకోండి. ఉంటే మీ సేవలో దరఖాస్తు పెడితే తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది. పాతది పనికిరాదు, ఏప్రిల్ ఒకటి తర్వాత తీసుకున్న కొత్తదే పెట్టాలి. ఆఖరి తేదీకి రెండు రోజుల ముందు పరుగెత్తితే ఎవరూ ఏం చేయలేరు, నెల ముందే పెట్టండి.

రెండోది ఇంగ్లిష్. హిస్టరీ, ఎకనామిక్స్ లాంటి పేపర్లు తెలుగులో రావు. అమ్మాయికి విషయం తెలిసినా ప్రశ్న అర్థం కాక మార్కులు పోతాయి. దీనికి స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు అక్కరకు రావు. టేబుల్ మీద పక్కపక్కనే రెండు పుస్తకాలు పెట్టుకోమనండి: తన తెలుగు పాఠ్యపుస్తకం, అదే పాఠం ఉన్న ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల ఇంగ్లిష్ పుస్తకం. ద్రవ్యోల్బణం అంటే ఇన్‌ఫ్లేషన్, సమాఖ్య అంటే ఫెడరేషన్, కౌలుదారు అంటే టెనెంట్ అని రోజుకు పది మాటలు ఒక నోటుబుక్కులో రెండు వరుసల్లో రాసుకోవాలి. తర్వాత పుస్తకం మూసి, చదివిన పేరా సారాన్ని సొంతంగా ఐదు లైన్ల ఇంగ్లిష్‌లో రాయాలి. తప్పులుంటాయి, ఉండనీయండి. ఆరు నెలలకు పద్దెనిమిది వందల మాటలవుతాయి. ఆ సబ్జెక్టుల పరీక్షకు కావలసిన ఇంగ్లిష్‌లో చాలా భాగం అదే.

ఎంఏ తర్వాత ఏముందని మీరు అడుగుతారు. పల్లెల్లో నీళ్లు, పొదుపు సంఘాలు, చదువు, వలసల మీద పనిచేసే సంస్థలున్నాయి. సర్వేలు చేసే సంస్థలున్నాయి. లెక్చరర్ అర్హతకు పెట్టే నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పరిశోధనకు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. ఈ కొలువులన్నిటికీ కావలసింది మనుషులతో మాట్లాడి, లెక్క రాసుకుని, దాన్ని చదవదగ్గ రిపోర్టుగా మలిచే నేర్పు. అది మీ ఊళ్లోనే మొదలుపెట్టొచ్చు. ముప్పై ఇళ్లు తిరగమనండి. ఎన్నెకరాల పత్తి, పెట్టుబడి ఎక్కడ తెచ్చారు, నూటికి నెలకు ఎంత మిత్తి, ఇంట్లో ఎవరు హైదరాబాద్ పోయారు, తాగే నీళ్లు ఎక్కడివి, ఈ ఐదు ప్రశ్నలు చాలు. జవాబులు ఎక్సెల్‌లో ఎక్కించి రెండు పేజీలు రాయాలి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ల మీదైనా, పాలమూరు వలసల మీదైనా ఇలాగే చేయొచ్చు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో విద్యార్థుల స్టడీ ప్రాజెక్టులకు 'జిజ్ఞాస' అనే పోటీ ఉంది, లెక్చరర్‌ను అడిగి అందులో పెట్టించండి. ఇంటర్వ్యూలో "నువ్వు ఏం చేశావు" అని అడిగితే చూపించడానికి ఆ రెండు పేజీలు ఉంటాయి. కంప్యూటర్ కూడా దీంతోపాటే వస్తుంది, అందుకోసం బీఏ మానాల్సిన పని లేదు. కాలేజీలో నైపుణ్యాలు నేర్పే టీఎస్‌కేసీ సెంటర్‌లో అడగండి.

సెంట్రల్ యూనివర్సిటీ సీటు రాకపోతే రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ఉంది. ఉస్మానియాతోపాటు నల్లగొండ మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీల్లోనూ దాని ద్వారానే చేరతారు. రెండూ రాయించండి.

టీచర్ కావాలనుంటే ఎడ్‌సెట్ రాసి సోషల్ స్టడీస్‌తో రెండేళ్ల బీఈడీ, తర్వాత టీచర్ అర్హత పరీక్ష టెట్, నియామక పరీక్ష డీఎస్సీ. బీసీలకు డిగ్రీలో 40 శాతం ఉంటే ఎడ్‌సెట్‌కు సరిపోతుంది. డీఎస్సీలో 80 మార్కులు పరీక్షకు, 20 టెట్ వెయిటేజీకి. అందుకని టెట్ గట్టెక్కితే చాలనుకోకూడదు, అక్కడ తెచ్చుకున్న ప్రతి మార్కూ తర్వాత కలుస్తుంది. లాయర్ చదువు ఇష్టమైతే లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ.

గ్రూప్స్ గురించి మాత్రం జాగ్రత్త. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది, పరీక్ష 2024 డిసెంబర్‌లో జరిగింది. టీచర్ పోస్టులకు 2017 నోటిఫికేషన్ తర్వాత 2024లో గానీ 11,062 పోస్టుల డీఎస్సీ జరగలేదు. చదువంతా పక్కనపెట్టి నోటిఫికేషన్ కోసం హైదరాబాద్‌లో గది తీసుకుని కూర్చున్న పిల్లలకు ఇరవైల వయసు అట్లనే కరిగిపోతుంది. ఎంఏ గానీ బీఈడీ గానీ చదువుతూ గ్రూప్స్‌కు తయారవ్వాలి. కోచింగుకు అప్పు చేయొద్దు. నల్లగొండలో బీసీ స్టడీ సర్కిల్ ఉంది, రాష్ట్ర ప్రభుత్వ చానెల్ టీ-శాట్ నిపుణ పాఠాలు ఫోన్‌లో ఉచితంగా వస్తాయి. ఇంట్లో తొందరగా జీతం కావాలంటే గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంట్ పరీక్ష చూడండి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, ఇంటర్వ్యూ ఉండదు. కాకపోతే లెక్కలు, రీజనింగ్ రోజూ గంటన్నర సాధన చేయాలి.

మీ వంతు పని ఒకటుంది. యూనివర్సిటీ సీటు వస్తే అమ్మాయి హాస్టల్‌లో ఉండాల్సి వస్తుంది. పంపిస్తామన్న మాట ఇప్పుడే ఆమెకు చెప్పండి. పంపుతారో లేదో తెలియని పిల్ల ఆ పరీక్షకు మనసు పెట్టి చదవలేదు.

ఈ ఆదివారం పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఒకచోట పరిచి చూడండి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక, పుట్టిన తేదీలో ఒక అంకె తేడా, ఇట్లాంటివే అటు దరఖాస్తునూ ఇటు స్కాలర్‌షిప్పునూ ఆపేస్తాయి. పదో తరగతి మెమోలో ఎట్లుందో ఆధార్‌లో అట్లనే మార్పించండి.