తప్పు ఫోన్‌దైతే యాప్ ఎందుకు సర్దుకోవాలి?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ ఫైనలియర్ చదువుతున్నాను. పెద్దవాళ్లకి మందుల వేళ గుర్తుచేసే ఆండ్రాయిడ్ యాప్ ప్రాజెక్టుగా చేశాం. కొన్ని ఫోన్లలో అలారం మోగడం లేదు. “అది ఓఎస్ గొడవ, మన కోడ్‌ది కాదు, వదిలెయ్” అంటున్నారు టీమ్‌లో. నేను దాన్ని సరిచేయాలా సర్? ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: సరిచేయాలి. బీపీ మాత్ర వేళకి అలారం మోగకపోతే వాడేవాళ్లు తిట్టుకునేది మీ యాప్‌నే. అయితే తప్పు నిజంగా ఫోన్‌దేనా అన్నది ముందు తేల్చుకోండి. ‘ఫోన్ లోపం’ అని వదిలేసేవాటిలో చాలావరకు ఆండ్రాయిడ్ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉన్నవే.

ఆండ్రాయిడ్ 6 (2015) నుంచి డోజ్ అనే బ్యాటరీ ఆదా పద్ధతి ఉంది. ఛార్జింగ్ లేకుండా, స్క్రీన్ ఆరిపోయి, ఫోన్ కదలకుండా కొంతసేపు ఉంటే మామూలు అలారాలు వాయిదా పడతాయి. మందుల వేళకి సరిపోయేది ‘సెట్‌అలారంక్లాక్’ అనే ఫంక్షన్. దాన్ని డోజ్ ఆపదు. ఆండ్రాయిడ్ 12 నుంచి కచ్చితమైన అలారాలకు ప్రత్యేక అనుమతి ఉండాలి. 14లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన చాలా యాప్‌లకు అది మొదట్లో ఉండదు. అందుకే అలారం పెట్టే ప్రతిసారీ ‘క్యాన్‌షెడ్యూల్‌ఎగ్జాక్ట్‌అలారమ్స్’తో చూసి, అనుమతి లేకపోతే యూజర్‌ని సెట్టింగ్స్ పేజీకి పంపాలి. 13 నుంచి నోటిఫికేషన్ అనుమతి కూడా అడగాలి. ఇక ఫోన్ రీస్టార్ట్ అయితే పెట్టిన అలారాలన్నీ చెరిగిపోతాయి. ఫోన్ ఆన్ అవగానే నడిచే బూట్ కంప్లీటెడ్ రిసీవర్ రాసి వాటిని మళ్లీ పెట్టాల్సింది మీరే. విద్యార్థులు మరిచిపోయేది ఎక్కువగా ఇదే.

ముందు ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో నడిచే నమూనా ఫోన్) పరీక్షించండి. కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే ఏడీబీ షెల్‌లో ‘డంప్‌సిస్ బ్యాటరీ అన్‌ప్లగ్’ కొట్టి, స్క్రీన్ ఆపి, తర్వాత ‘డంప్‌సిస్ డివైస్‌ఐడిల్ ఫోర్స్-ఐడిల్’ కొట్టండి. అక్కడే మోగకపోతే తప్పు మీ కోడ్‌ది. అక్కడ మోగి, ఏదో ఒక కంపెనీ ఫోన్లో మాత్రమే మోగకపోతే, అప్పుడు ఆ కంపెనీ పెట్టిన బ్యాటరీ మేనేజర్‌ని అనుమానించండి.

ఈ రెండో రకానికి పూర్తి పరిష్కారం లేదు. కొన్ని ఫోన్లలో రీసెంట్స్‌లోంచి యాప్‌ని తోసేస్తే ఫోర్స్ స్టాప్ చేసినట్టే. అలారాలు పోతాయి, యూజర్ మళ్లీ యాప్ తెరిచేదాకా బూట్ సందేశం కూడా అందదు. ‘బిల్డ్.మాన్యుఫ్యాక్చరర్’తో కంపెనీని గుర్తుపట్టి, ఆటోస్టార్ట్ (యాప్ తనంతట తాను మొదలయ్యే అనుమతి) ఎక్కడ ఆన్ చేయాలో తేలిక తెలుగులో చూపించండి. ఆ స్క్రీన్‌ని నేరుగా తెరిచే ఇంటెంట్ పేర్లు అధికారికమైనవి కావు, అప్‌డేట్లతో మారిపోతుంటాయి. ట్రై-క్యాచ్ లేకపోతే యాప్ క్రాష్ అవుతుంది. దొరకనప్పుడు యాప్ ఇన్ఫో పేజీ తెరిస్తే చాలు. అలారం మోగాల్సిన సమయం, మోగిన సమయం రెండూ డేటాబేస్‌లో దాచండి. “నిన్న రాత్రి 8 గంటల అలారం మోగలేదు” అని యాప్ తెరవగానే చెప్పడం, ఏమీ జరగనట్టు ఊరుకోవడం కంటే ఎంతో నయం.

దీనికీ ఓ హద్దుంది. యాప్‌ని బతికించడానికి వినిపించని ఆడియో నడిపించే చిట్కాల జోలికి పోకండి. బ్యాటరీ కరిగిపోతుంది, ప్లే స్టోర్‌తో తంటా. యూజర్ తెలిసే బ్యాటరీ ఆదా ఎంచుకుంటే, దానివల్ల నష్టమేమిటో ఒకసారి చెప్పి వదిలేయండి.

ఇలాంటి సర్దుబాట్లన్నీ ఒకే క్లాస్‌లో ఉంచండి. ఏ మోడల్, ఏ వెర్షన్, ఏం జరుగుతోంది, దీన్ని ఎప్పుడు తీసేయొచ్చు అన్నవి కామెంట్‌గా రాయండి. లేకపోతే రెండేళ్ల తర్వాత దాన్ని తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

ఇంటర్వ్యూలో “ఫోన్ వల్ల” అని ఆగిపోవద్దు. సమస్యని ఎలా మళ్లీ రప్పించారో, ఏ దారులు వద్దనుకున్నారో, ఇంకా ఏది మిగిలిపోయిందో చెప్పండి. అడిగేవాళ్లకి ఆండ్రాయిడ్ పరిచయం లేకపోతే విండోస్‌లో ఫైల్ దారికి ఉన్న 260 అక్షరాల పాత పరిమితిని ఉదాహరణగా తీసుకోండి. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే టూల్ ఎన్‌పీఎం వాటి ఫోల్డర్లను ఒకదాంట్లో ఒకటి పేర్చడంతో దారులు ఆ పరిమితి దాటిపోయేవి. పరిమితి విండోస్‌దే అయినా సర్దుకున్నది ఎన్‌పీఎం: 2015లో ఎన్‌పీఎం 3 వాటిని పక్కపక్కన పరిచాక, ఆ ఇబ్బంది చాలా తగ్గింది.

రెజ్యూమేలో ఉత్త ‘రిమైండర్ యాప్’ అని వద్దు. ‘డోజ్‌లో, రీస్టార్ట్ తర్వాత, మూడు కంపెనీల ఫోన్లలో పరీక్షించిన అలారం మాడ్యూల్’ అని రాయండి. మూడింటిలోనూ నిజంగా పరీక్షించి ఉంటేనే సుమా.