ఆటల అడ్డా: పెట్ ఉండగా తన్నులు మనకెందుకు?

ప్రశ్న: అన్నా, వావ్ (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్) క్లాసిక్‌లో వార్‌లాక్ ఆడుతున్నా, అదే డెమన్‌లని పెట్‌లుగా పిలుచుకునే మంత్రగాడు, ఎక్స్‌పాన్షన్‌లు రాకముందున్న పాత వెనిలా వెర్షనే. లెవెల్ 10లో వాయిడ్‌వాకర్ అనే పెట్ వచ్చినప్పుడు ఇంక లైఫ్ సెట్ అనుకున్నా, నిజంగానే అది ముందు నిలబడి దెబ్బలు తినేది, నేను వెనక హాయిగా స్పెల్స్ వేసుకునేవాణ్ణి. ఇప్పుడు లెవెల్ 34. మొన్నే ఉన్న గోల్డ్ అంతా పెట్టి మంచి గేర్ కొన్నా. అప్పట్నించి ఇంకా ఘోరం, ఏ మాబ్‌ని (శత్రు జీవిని) కొట్టినా రెండు స్పెల్స్‌కే నా మీదకి పరిగెత్తుకొస్తోంది. పెట్‌లో ఏమైనా బగ్ ఉందా?
– ఒక బాధితుడు, విజయవాడ

జవాబు: బగ్గూ లేదు ఏమీ లేదు తమ్ముడూ, నువ్వు ఎదిగావు, అది ఎదగలేదు, అంతే. ముందు ఒక్క మాట చెప్పు, దానికి పుస్తకాలు కొన్నావా? నీ స్పెల్స్ నువ్వు ట్రైనర్ దగ్గర నేర్చుకుంటావు కదా, పెట్‌కి మాత్రం అలా రావు, డెమన్ ట్రైనర్ అని పక్కనే ఇంకొకడు ఉంటాడు, వాడి దగ్గర గ్రిమోయిర్‌లు అనే మంత్ర పుస్తకాలు కొని, ఆ పెట్ బయట ఉన్నప్పుడు వాటిని వాడాలి. నీది అలయన్స్ పక్షం అయితే స్టార్మ్‌విండ్‌లో స్లాటర్డ్ ల్యాంబ్ అనే సారా కొట్టు కింద నేలమాళిగలో, హోర్డ్ అయితే ఆర్‌గ్రిమార్‌లో క్లెఫ్ట్ ఆఫ్ షాడోలో దొరుకుతాడు. టార్మెంట్ (మాబ్ కోపాన్ని పెట్ తన మీదకి లాక్కునే స్పెల్) మొదటి ర్యాంక్ ఊరికే వస్తుంది, రెండోది లెవెల్ 20కి, మూడోది 30కి, అక్కణ్నించి ప్రతి పదికీ ఒకటి. నా అనుమానం నీది ఇంకా మొదటి ర్యాంక్ దగ్గరే ఉండుంటుంది. పిల్లాడికి పుస్తకాలు కొనకుండా మార్కులు రాలేదని తిడితే ఎలా చెప్పు!

ఇక గేర్ సంగతి. అందరూ తిరకాసు పడేది ఇక్కడే. వెనిలాలో మన గేర్ బలం పెట్‌కి ఒక్క పిసరు కూడా పోదు, అది బర్నింగ్ క్రూసేడ్ అనే తర్వాతి ఎక్స్‌పాన్షన్‌లో గానీ రాలేదు. అంటే నువ్వు గోల్డ్ తగలేసి నీ దెబ్బ పెంచుకున్నావు, దాని టార్మెంట్ ఎక్కడిదక్కడే ఉంది, ఇంక అగ్రో (మాబ్ దృష్టి) ఎవరికొస్తుంది? నీకే. లెక్క తెలిస్తే కోపం తగ్గుతుంది చూడు: మాబ్ ఇప్పుడు కొడుతున్నవాడి థ్రెట్ (వాడి మీద మాబ్‌కి పేరుకున్న కోపం) 100 అనుకో, దాని పక్కనే నిలబడ్డవాడు 110 దాటితే అటు తిరుగుతుంది, దూరంగా ఉన్నవాడు మాత్రం 130 దాటాలి. కాబట్టి దూరంగా నిలబడటం కూడా ఒక ఆయుధమే, లూట్ మీద ఆశతో పెట్ వెనకాలే అంటుకుపోకు.

స్పెల్స్ వరస కూడా మార్చు. పెట్‌ని పంపు, ఒక టార్మెంట్ పడనివ్వు, అప్పుడు కర్స్ ఆఫ్ ఎగొనీ వెయ్యి. ఎందుకంటే అది 24 సెకన్లు నడుస్తుంది, మొదట్లో కొసరి కొసరి కొట్టి చివర్లో గట్టిగా కొడుతుంది, ఇలా కొంచెం కొంచెంగా కొట్టే డాట్ స్పెల్‌కి థ్రెట్ కూడా దెబ్బ పడ్డప్పుడల్లా పడుతుందే తప్ప ముందే మొత్తం పడిపోదు, ఈలోపు పెట్‌కి ఇంకో రెండు టార్మెంట్‌లు వేసుకునే టైం దొరుకుతుంది. తర్వాత కరప్షన్, ఇమ్మొలేట్ అన్నిటికంటే చివర, మిగతా టైంలో వాండ్‌తో కొడుతూ కూర్చో. సియరింగ్ పెయిన్ జోలికి అసలు పోకు, దాని థ్రెట్ దాని దెబ్బ కంటే చాలా ఎక్కువ. ఇండియాలో సర్వర్ లేదు కాబట్టి మన పింగ్ (సర్వర్‌తో ఆలస్యం) గోల మనకి ఎలాగూ ఉంది, నీ స్క్రీన్ మీద పెట్ మాబ్‌ని చేరినట్టు కనిపించినా ఇంకో సెకను ఆగడమే మంచిది.

టాలెంట్స్‌లో ఇంప్రూవ్డ్ వాయిడ్‌వాకర్‌కి 3 పాయింట్లు పెడితే టార్మెంట్ 30 శాతం పెరుగుతుంది, సోలోగా ఆడేవాడికి అది దండగ కాదు. ఇవన్నీ చేసినా మీద పడితే సాక్రిఫైస్ నొక్కు, పెట్ పోతుంది కానీ నీ చుట్టూ 30 సెకన్ల షీల్డ్ వస్తుంది, పారిపోడానికైనా చంపడానికైనా సరిపోతుంది. నిజం చెప్పాలంటే 40 దాటాక ఏం చేసినా వాయిడ్‌వాకర్ నీతో పూర్తిగా సమానంగా రాదు, చాలామంది అప్పటికి వేరే పెట్‌కి మారిపోతారు, నేనూ మారాను.

ప్రశ్న: అన్నయ్యా, డంజన్‌కి వెళ్తే అందరూ నన్నే తిడుతున్నారు. ట్యాంక్ (ముందు నిలబడి దెబ్బలు తినేవాడు) ఏమో నీ పెట్ నా మాబ్స్‌ని లాక్కుంటోంది అంటాడు, హీలరేమో దానికి నేను హీల్ చెయ్యను అంటుంది. వార్‌లాక్‌నే వదిలెయ్యమంటారా?
– డల్లాస్ నుంచి ఒక చెల్లెలు

జవాబు: వదలొద్దమ్మా, టార్మెంట్ ఒక్కటి వదిలెయ్. పెట్ బార్‌లో దాని మీద రైట్ క్లిక్ చేస్తే ఆటోకాస్ట్ (పెట్ దానంతటదే స్పెల్ వెయ్యడం) ఆగిపోతుంది, ట్యాంక్ నోరు కూడా ఆగిపోతుంది. ఇంకా మేలైన పని, డంజన్‌కి ఇంప్ అనే ఇంకో పెట్‌ని తీసుకెళ్లి ఫేజ్ షిఫ్ట్ పెట్టి పాసివ్‌లో (తనంతట తాను కొట్టకుండా) ఉంచు. దాన్ని ఎవరూ కొట్టలేరు, హీలర్‌కి దాంతో పని లేదు, దాని బ్లడ్ పాక్ట్ వల్ల పార్టీ మొత్తానికి స్టామినా పెరుగుతుంది, అప్పుడు అదే హీలర్ ఇంప్ ఏదీ అని అడుగుతుంది. టాలెంట్స్‌లో మాస్టర్ డెమనాలజిస్ట్ దాకా వెళ్తే ఇంప్ బయట ఉన్నంతసేపూ నీ థ్రెట్ కూడా 20 శాతం తగ్గుతుంది.

ఒక్క జాగ్రత్త. పైనుంచి కిందకి దూకే చోట ముందు పెట్‌ని డిస్మిస్ చెయ్యి. మనం దూకేస్తాం, అది దూకదు, దారి వెతుక్కుంటూ చుట్టూ తిరిగి దారిలో ఉన్న మాబ్స్ అన్నిటినీ పేరంటానికి పిలిచినట్టు వెంటేసుకుని వస్తుంది. నోమరెగన్ డంజన్‌లో నేను డిస్మిస్ చెయ్యకుండా దూకేశాను. ఐదుగురం పోయాం, తర్వాత పది నిమిషాలు చాట్‌లో ఎవరూ మాట్లాడలేదు.

ప్రశ్న: పాత్ ఆఫ్ ఎగ్జైల్ అనే ఇంకో గేమ్‌లో జాంబీలని పిలిచి ఆడుతున్నా. స్పెల్ డ్యామేజ్ ఉన్న మంచి వాండ్ కొన్నా, జాంబీల దెబ్బ అంగుళం కూడా పెరగలేదు.
– కూకట్‌పల్లి

జవాబు: పెరగదు బాబూ. అక్కడ నీ డ్యామేజ్ నీదే, వాటి డ్యామేజ్ వాటిదే. ఐటెం మీద మినియన్స్ (నువ్వు పిలిచిన జీవులు) అనే మాట ఉంటేనే వాటికి పని చేస్తుంది. ముందు జాంబీలని పిలిచే జెమ్ లెవెల్ పెంచు, జాంబీల ప్రాణం, దెబ్బ రెండూ దాన్ని బట్టే ఉంటాయి, తర్వాత సపోర్ట్ జెమ్స్ లింక్ చెయ్యి, నా మాట విని ఆ వాండ్ అమ్మెయ్. అక్కడ వావ్ లాంటి థ్రెట్ లెక్క ఉండదు కాబట్టి నువ్వు వాటి వెనక ఉన్నావా లేదా అన్నదే ముఖ్యం. అవి ఎక్కడెక్కడో తిరుగుతుంటే కాన్వొకేషన్ నొక్కు, అన్నీ నీ దగ్గరికి వచ్చి పడతాయి. ఏమీ చెయ్యకుండా నిలబడుతున్నాయంటే ఫీడింగ్ ఫ్రెంజీ సపోర్ట్ జెమ్ పెట్టు.

ప్రశ్న: వావ్ క్లాసిక్‌లో సోల్ షార్డ్‌లతో (పెట్‌ని పిలవడానికి ఖర్చయ్యేవి) బ్యాగ్ నిండిపోతోంది, ఎన్ని ఉంచుకోవాలి?
– వరంగల్

జవాబు: వెనిలాలో అవి ఒకదాని మీద ఒకటి పేరుకోవు, ఒక్కో షార్డ్‌కి ఒక్కో గడి పోతుంది. సోలోకి ఐదారు చాలు. డంజన్ రోజైతే ముందే డ్రెయిన్ సోల్‌తో ఇంకో పది నింపుకో, లోపలికెళ్లాక అయిపోతే ఇంప్ తప్ప ఏదీ రాదు, దానికొక్కదానికే షార్డ్ అక్కర్లేదు.