పాఠకుల ప్రశ్నలు: కెనడాలో ఐస్‌లాండ్ సంతతి, వారి కేకు, వారి పేర్లు

ప్రశ్న: మా పొరుగింటివాళ్లు క్రిస్మస్‌కి వీనార్‌టెర్టా అనే ఐస్‌లాండ్ పొరల కేకు పంపారు. యాలకుల ఘుమఘుమతో చాలా బాగుంది. నేను చేస్తే పొరలు బిస్కెట్ల్లా గట్టిగా వస్తున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకురాలు, విన్నిపెగ్

జవాబు: కారణాలు సాధారణంగా రెండు. పొరల్ని ఎర్రగా కాల్చడం, చేసిన రోజే కోసేయడం.

ఏడు పొరలకు కొలతలు ఇవి: మైదా 500 గ్రాములు, ఉప్పులేని వెన్న 225, పంచదార 300, గుడ్లు 3, బేకింగ్ పౌడర్ 2 చెంచాలు, అప్పుడే దంచిన యాలకుల పొడి 1 చెంచా. వెన్న, పంచదార బాగా గిలకొట్టి, గుడ్లు ఒక్కొక్కటే వేసి, చివర్లో మైదా కలపండి. చేతికి అంటుతోందని ఇంకా మైదా గుప్పిస్తే అక్కడే గట్టిదనం మొదలవుతుంది. అంటుకుంటే ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి, చాలు. తర్వాత ఏడు ఉండలు చేసి, ఒక్కోటి బటర్ పేపర్ మీదే 22 సెంటీమీటర్ల గుండ్రంగా ఒత్తి, పేపర్‌తోనే ఓవెన్‌లోకి ఎక్కించండి. విడిగా ఎత్తబోతే చిరుగుతుంది. 175 డిగ్రీల వేడిలో పది, పన్నెండు నిమిషాలు కాల్చాలి. అంచుకు లేత రంగు రాగానే తీసేయండి, నడిమి భాగం తెల్లగానే ఉండాలి.

లోపలి ముద్దకు గింజ తీసిన ఎండు ప్లమ్ పళ్లు ఒక కిలో. మునిగేటన్ని నీళ్లలో మెత్తగా ఉడికించి, రుబ్బి, 200 గ్రాముల పంచదార, చెంచా యాలకుల పొడి వేసి దగ్గర పడనివ్వాలి. గరిటెతో గీస్తే అడుగు కనిపించి గీత నిలవాలి. పల్చగా ఉంటే పొరలు జారతాయి. మరీ పిడచ కట్టిందంటే పొరలకు తేమ అందదు. చల్లారాక అంచు దాకా పూసి పేర్చి, గుడ్డలో చుట్టి, గాలి తగలని డబ్బాలో పెట్టి మూడు రోజులు చల్లని చోట ఉంచండి. ముద్దలోని తేమ పీల్చుకున్నాకే పొరలు మెత్తబడతాయి. పైన ఐసింగ్ ఉండాలా వద్దా అని కెనడాలోని ఐస్‌లాండ్ సంతతి కుటుంబాల్లో ఇప్పటికీ వాదనే. వద్దనే మా సలహా, యాలకుల రుచి మరుగున పడుతుంది. ఐస్‌లాండ్‌లో ఇలాంటి కేకులో రూబార్బ్ జామ్ వాడకం పెరిగింది. వలస వచ్చినవాళ్ల ఇళ్లలో మాత్రం ఎండు ప్లమ్ పళ్లే నిలిచాయి.

ప్రశ్న: "న్యూ ఐస్‌లాండ్" నిజంగా వేరే దేశమా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: కాదు. విన్నిపెగ్ సరస్సు పడమటి ఒడ్డున కెనడా ప్రభుత్వం ఐస్‌లాండ్ వాళ్లకు కేటాయించిన భూమి అది. 1875 అక్టోబరు 21న మొదటి జట్టు గిమ్లీ దగ్గర దిగింది. అప్పటికి ఆ ప్రాంతం కెనడా రాష్ట్రమైన మానిటోబాలో లేదు. అందుకే తమ పాలనకు తామే నియమావళి రాసుకున్నారు, 1877లో ఫ్రామ్‌ఫారీ అనే పత్రిక పెట్టుకున్నారు. 1881లో మానిటోబా హద్దులు పెరిగి వారిని కలుపుకున్నాయి. 1876–77 మశూచి వలసదారుల్లో వందమందికి పైగా ప్రాణాలు తీసింది. అక్కడి ఆదివాసులనూ అది ఘోరంగా దెబ్బతీసింది. శాండీ బార్ ఆదివాసులు తమ నేలనే పోగొట్టుకున్నారు. ఈ వలస గురించి రాసేటప్పుడు ఆ మాట వదిలేయకండి.

ప్రశ్న: మా కోడలిది గిమ్లీ దగ్గరి ఐస్‌లాండ్ సంతతి కుటుంబం. మనవల కోసం ఆమె పూర్వీకుల ఊరు తెలుసుకోవాలి. ఇంటిపేరుతో వెతికితే ఏమీ దొరకడం లేదు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: దొరకదమ్మా. ఐస్‌లాండ్‌లో చాలామందికి మనలాంటి ఇంటిపేరు లేదు. యోన్ కొడుకు యోన్సన్, కూతురు యోన్స్‌దోత్తిర్. తరం మారితే పేరూ మారుతుంది. కెనడాలో అది ఒక తరం దగ్గర ఆగిపోయి ఇంటిపేరైంది, ఆడవాళ్లు కూడా "సన్"లయ్యారు. కొందరు తండ్రి పేరు మాని ఊరి పేరో, జిల్లా పేరో పెట్టుకున్నారు. కాబట్టి ఇంటిపేరు పక్కనపెట్టి, వలస వచ్చిన మనిషి సొంత పేరు, పుట్టిన సంవత్సరం పట్టుకోండి.

ముందు మరణ వార్తలు చూడండి. విన్నిపెగ్ పత్రికలు హేమ్స్‌క్రింగ్లా, లోగ్‌బెర్గ్ పాత సంచికలు ఐస్‌లాండ్ జాతీయ గ్రంథాలయం వారి తీమారిత్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. మరణ వార్తల్లో తరచుగా పుట్టిన పొలం, తల్లిదండ్రుల పేర్లు దొరుకుతాయి. పేరును ఇంగ్లీషు అక్షరాలతో ఒకసారి, ఐస్‌లాండిక్ అక్షరాలతో ఒకసారి కొట్టాలి. "థ" ధ్వనికి వాళ్లకు వేరే అక్షరం ఉంది, దాంతో వెతక్కపోతే సగం వార్తలు చేజారతాయి.

పొలం పేరు దొరికిందని ఆగకండి. హోవ్, హోల్ లాంటి పేర్లు ఎన్నో చోట్ల ఉంటాయి, చర్చి పరిధి, జిల్లా కూడా రాసుకోవాలి. ఆ మూడూ ఉంటే ఐస్‌లాండ్ పాత జనాభా లెక్కల్లో ఆ ఇంటివాళ్లందరూ ఒకేచోట కనిపిస్తారు. వయసు ఒకటి రెండేళ్లు తేడా వస్తే కంగారు పడకండి. ఇస్లెండింగబోక్ అనే పెద్ద వంశవృక్ష సైట్‌కు మాత్రం ఐస్‌లాండ్ పౌర గుర్తింపు సంఖ్య కావాలి. అక్కడ బంధువులెవరైనా ఉంటే వాళ్ల చేత చూపించుకోండి.