ముందు కమాను సంగతి చూడు

చిట్టితల్లీ,

లిమరిక్ వెళ్ళి నెలైనా కాలేదు, అప్పుడే పబ్బులో అందరూ కూర్చుని ఐరిష్ పాటలు వాయించే సెషన్‌కి వయొలిన్ పట్టుకెళ్ళావట. రీల్ అనే జోరు పాట మూడోది వచ్చేసరికి చెయ్యి పట్టేసి కూర్చుండిపోయావని మీ నాన్న చెప్పాడు. నవ్వొచ్చింది. ఈ దేశం వచ్చిన కొత్తలో నాదీ అదే కథ.

వర్ణం రెండు కాలాల్లో వాయించేదానివి, స్పీడు గురించి టెన్షన్ పడకు. చూసుకోవాల్సింది కమాను, అదే బో. మన కర్ణాటక సంగీతంలో ఒక్క లాగులో బోలెడు స్వరాలు పలికించి, మిగతా పనంతా ఎడమచేతికి వదిలేస్తాం. రీల్ అనేదే డాన్స్ కోసం పుట్టింది. అడుగు ఎక్కడ పడాలో కుడిచెయ్యే చెప్పాలి.

ఆ చెప్పే తీరు ఊరికో రకం. డోనెగల్ జిల్లా వాళ్ళు చాలావరకు స్వరానికో కమాను, టకటకా కొడతారు. కూలి పనులకి స్కాట్లాండ్ వెళ్ళొచ్చిన వాళ్ళ వెంట అక్కడి బాణీ కూడా వచ్చింది. రేకు పని చేసుకుంటూ ఊరూరా తిరిగిన డోనెగల్ వయొలిన్ విద్వాంసుడు జాన్ డొహర్టీ రికార్డింగులు విను, తెలుస్తుంది. స్లైగో జిల్లా వాళ్ళు స్వరాలు కలిపి లాగుతూ పరుగెడతారు. అక్కడ పుట్టిన మైకేల్ కోల్మన్ 1914లో అమెరికా వెళ్ళి, న్యూయార్క్‌లో ఇచ్చిన గ్రామఫోన్ రికార్డులు ఐర్లండ్‌కి తిరిగొచ్చాక, ఊళ్ళల్లో చాలామంది సొంత బాణీ పక్కనపెట్టి ఆయన్నే అనుకరించారు. గొప్పవాడే, కాదనను. కానీ నాకు అదొక నష్టంగానే తోస్తుంది.

నీకు దగ్గర్లో ఉన్నది తూర్పు క్లేర్. అక్కడ నిదానం, కాస్త దిగులు. వయొలిన్ విద్వాంసుడు మార్టిన్ హేస్‌ది ఆ ప్రాంతమే. మనలాంటి వాళ్ళ చెవికి అది తొందరగా ఎక్కుతుంది, దాంతోనే మొదలుపెట్టు. ఈ బాణీలన్నీ కలిపేస్తే ఏదీ కాకుండా పోతుంది. నేను రెండేళ్ళు అలాగే పాడుచేసుకున్నాను.

శ్రుతి కూడా మార్చుకో. తీగల్ని మనం సపసప అని కట్టుకునే పద్ధతి ఇక్కడ కుదరదు. జి, డి, ఎ, ఇ, నాలుగు తీగలూ పంచమం దూరంలోనే ఉంటాయి కాబట్టి వేళ్ళు కొన్నాళ్ళు తడబడతాయి. రోల్ అనే అలంకారం వాయించేటప్పుడు స్వరాన్ని ఊపకు. పై వేలు ఒకసారి తగిలించి తీసెయ్, తర్వాత కింది స్వరం ఒక్క దెబ్బ. జంట వరసల్లో స్ఫురితం నేర్చావుగా, ఇంచుమించు అలాంటిదే. గమకం అలవాటుతో జారావో, పక్కవాళ్ళు మర్యాదగా నవ్వి ఊరుకుంటారు.

పుస్తకం చూసి నేర్చుకోకు. సాలీ గార్డెన్స్ అనే రీల్ ఒక్కటే తీసుకో. ఎనిమిదేసి బార్ల (మన ఆవర్తాల్లాంటివి) రెండు భాగాలు, ఒక్కోటి రెండుసార్లు, అంతే. ముందు పాడు. నోటికి వచ్చాకే వయొలిన్ ముట్టు. ఇంకో నాలుగు సెషన్లు పెట్టె మూతే తియ్యకు. ఎవరైనా పెద్దాయన "ఒకటి వాయించమ్మా" అనేదాకా ఆగు. అంటారు, చూస్తూ ఉండు.

దసరాకి ఇంటికి రా. అదొక్కటే వాయించి వినిపించు, రెండోది నేర్చుకుని మాత్రం రాకు. మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి దాచి ఉంచింది.

పెదనాన్న