రిటైరైన సునీల్ ఛెత్రీని 40 ఏళ్ల వయసులో మళ్లీ భారత ఫుట్‌బాల్ జట్టులోకి ఎందుకు పిలిచారు? కుర్రాళ్లకు అన్యాయం కాదా?

కోపం న్యాయమైనదే, కానీ అప్పటి కోచ్ మనోలో మార్కెజ్ మీద కాదు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీని ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేతగా నిలిపిన ఆయనకు కుర్రాళ్లంటే నమ్మకం లేదనడం సరికాదు.

ఛెత్రీ 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో మ్యాచ్ ఆడి జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పాడు. ఆ ఏడాది భారత్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఐఎస్ఎల్‌లో మాత్రం 2024-25 సీజన్లో భారతీయుల్లో ఎక్కువ గోల్స్ కొట్టింది మళ్లీ ఛెత్రీయే. ఫామ్ చూసే పిలవాలంటే ఇంకెవర్ని పిలుస్తారు? 2025 మార్చిలో వచ్చీ రాగానే మాల్దీవులపై గోల్ కొట్టాడు. వారం తిరగకుండానే షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో ఆసియా కప్ క్వాలిఫయర్ 0-0గా ముగిసింది. అంటే ఆయన రాకతో సమస్య తీరిపోలేదు.

అసలు చిక్కు క్లబ్బుల్లో ఉంది. మైదానంలో నలుగురు విదేశీయులను ఆడించవచ్చు కాబట్టి, దాదాపు ప్రతి క్లబ్బూ సెంటర్ ఫార్వర్డ్ (గోల్ ముందు ఆడే స్ట్రైకర్) స్థానాన్ని విదేశీయుడికే ఇస్తుంది. మన కుర్రాడు వింగ్‌లోనో (మైదానం పక్క అంచున) బెంచీ మీదో ఉండిపోతాడు. క్లబ్బులో గోల్ ముందు ఆడే అవకాశమే రానివాణ్ని జాతీయ జట్టుకు స్ట్రైకర్‌గా ఎలా ఎంచుతారు? అభిమానులు గట్టిగా అడగాల్సింది క్లబ్బులనే.