రాయి ఎందుకు పుడుతోందో తెలుసుకునే పరీక్ష: తమ్ముడి కొడుకుకు లేఖ

చిరంజీవికి నల్లగొండ నుండి పెదనాన్న ఆశీస్సులు.

నీకు రెండోసారి కూడా కిడ్నీలో రాయి వచ్చిందని విన్నప్పటి నుండి నా మనసు కుదుటపడలేదు. రాయిని తీయించుకున్నంత మాత్రాన అది పుట్టే కారణం పోదు కనుక, డాక్టరు రాసిన 24 గంటల మూత్ర పరీక్షను వాయిదా వేయవద్దని, ముప్పై ఏళ్లు ల్యాబులో పనిచేసినవాడిగా కోరుతున్నాను. నొప్పి, జ్వరం ఉన్న రోజుల్లో మాత్రం వద్దు.

పొద్దున లేవగానే వచ్చే మూత్రాన్ని డబ్బాలో పట్టకుండా వదిలేసి, ఆ సమయం రాసుకో. అప్పటి నుండి మర్నాడు అదే సమయానికి వచ్చే మూత్రం వరకు ప్రతిసారీ డబ్బాలోనే పట్టాలి. మిల్లులో ఉండగా ఒక్కసారి వదిలేసినా లెక్క తప్పుతుంది. పరీక్ష ఉందని ఆ రోజు బిందెలకొద్దీ నీళ్లు తాగి, మాంసం మానేసేవారిని ఎందరినో చూశాను. వారి రిపోర్టు బాగానే వస్తుంది, రాయి మళ్లీ వస్తుంది. నీవు ఆదివారం మటన్ తింటావు కనుక, డాక్టరు ఒప్పుకుంటే ఒక పనిరోజు, ఒక ఆదివారం విడివిడిగా పట్టడం మేలు.

రిపోర్టులో ముందుగా క్రియాటినిన్ చూడు; అది కండరాల నుండి రోజూ దాదాపు ఒకే మోతాదులో మూత్రంలోకి వచ్చే వ్యర్థం. 70 కిలోల యువకుడికి అది సుమారు 1400 నుండి 1750 మిల్లీగ్రాములు ఉంటుంది. బాగా తక్కువగా ఉంటే మూత్రం పూర్తిగా పట్టలేదని అనుమానించాలి. మొత్తం మూత్రం రోజుకు 2.5 లీటర్లకు తగ్గకూడదు; రోహిణి కార్తె ఎండలో నీవు తాగిన నీళ్లలో చాలా భాగం చెమటగా పోతుంది కనుక, తాగిన చెంబులను కాక వచ్చిన మూత్రాన్నే లెక్కించాలి. సోడియం ఎక్కువగా ఉంటే పచ్చళ్లు, ఉప్పు తగ్గించు, ఎందుకంటే ఉప్పు కాల్షియాన్ని కూడా మూత్రంలోకి లాక్కొస్తుంది.

ప్రొటీన్ సంగతి, అది ఒంట్లో ఖర్చయ్యాక మూత్రంలోకి వచ్చే వ్యర్థమైన యూరియా నైట్రోజన్ చెబుతుంది. అది రోజుకు 11 గ్రాములు, నీ బరువు 70 కిలోలు అనుకుందాం. బరువును 0.031తో గుణించి, వచ్చిన 2.17ను 11కు కలిపి, మొత్తాన్ని 6.25తో గుణిస్తే రోజుకు సుమారు 82 గ్రాముల ప్రొటీన్ తిన్నట్టు. ఒంటి బరువు కిలోకు రోజుకు 0.8 నుండి 1 గ్రాము చాలు. మాంసం మితిమీరితే యూరిక్ ఆమ్లం పెరిగి, రాయిని అడ్డుకునే సిట్రేట్ తగ్గుతుంది. పాలు, పెరుగు మాత్రం మానవద్దు; భోజనంతో తీసుకున్న కాల్షియం పాలకూరలో ఉండే, రాయిని కట్టే ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుంది.

సేకరణకు ముందు రోజు ఫోను చెయ్యి. డబ్బాలో ముందే ఆమ్లం పోసి ఇచ్చి ఉంటే దాన్ని పారబోయకుండా, పిల్లలకు అందకుండా ఉంచు.

నీ పెదనాన్న