పెండ్లి ఫొటోలకు, వీడియోలకు ఏ ల్యాప్‌టాప్? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సార్, మాది దేవరకొండ. పెండ్లిళ్లకు ఫొటోలు, 4కే వీడియోలు తీస్తాను. ఎడిటింగ్ ఇన్నాళ్లూ నల్లగొండలో బయట ఇచ్చి చేయిస్తున్నాను. ఇక నేనే చేసుకుందామని 85 వేలు పక్కన పెట్టాను. షాపులో రెండు చూపించారు. ఒకటి ఐ7, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. రెండోది ఐ5, 16 జీబీ, ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ కార్డు. ఐ7 తీసుకోమంటున్నారు. ఏది తీసుకోవాలి?
– ఒక ఫొటోగ్రాఫర్, దేవరకొండ

జవాబు: ఐ5 తీసుకోండి. మీ పనికి 8 జీబీ ర్యామ్ ఏ మూలకూ చాలదు. 12×36 అంగుళాల కరిజ్మా షీటును (పెండ్లి ఆల్బమ్ పేజీని) 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో తెరిస్తే 10,800×3,600 పిక్సెళ్లు. ఒక లేయరు నిండా బొమ్మ ఉంటే అదొక్కటే దాదాపు 117 ఎంబీ. బ్యాక్‌గ్రౌండు, నాలుగైదు ఫొటోలు, మాస్కులు, పూల డిజైన్లు పెట్టేసరికి ఒక్క షీటే 1 జీబీ దాకా వెళ్లవచ్చు. ఆ పైన అన్‌డూ కోసం ఫొటోషాప్ దాచుకునే స్టెప్పులు వేరు. విండోస్, బ్రౌజరు కలిసి ముందే నాలుగైదు జీబీ తీసుకుంటాయి. ర్యామ్ నిండగానే ఫొటోషాప్ దానికంటే చాలా నెమ్మదైన డిస్కును వాడుకోవడం మొదలుపెడుతుంది. ఇక బ్రష్ ఇప్పుడు గీస్తే గీత కాసేపటికి కనబడుతుంది.

ఐ7 అన్న స్టిక్కరు చూసి మోసపోకండి. మోడల్ నంబరు చివర యూ ఉంటే అది 15 వాట్ల చిప్పు, ఆఫీసు పనికి చేసింది. హెచ్ ఉంటే 45 వాట్లది. గంటసేపు ఎక్స్‌పోర్ట్ నడిచే పనిలో హెచ్ రకం ఐ5, యూ రకం ఐ7ను దాటిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డులోనూ ఇదే తిరకాసు. ఒకే ఆర్‌టీఎక్స్ 4060 ఒక ల్యాప్‌టాప్‌లో 35 వాట్లకే ఆగుతుంది, ఇంకోదాంట్లో 115 వాట్ల దాకా వెళ్తుంది. 4050కీ అంతే. షాపులోనే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిపించి, హెల్ప్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కి, మాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్ ఎంత ఉందో చూడండి.

తర్వాత టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీకి వెళ్లండి. అక్కడ స్లాట్లు రెండింట్లో ఒకటే వాడినట్టుంటే మంచిదే, రేపు ఇంకో 16 జీబీ కలుపుకోవచ్చు. ర్యామ్ బోర్డుకే అతికించిన మోడలైతే మాత్రం ఇప్పుడే ఎంత కొంటే అంతే, పెంచే దారి లేదు.

స్టోరేజీ లెక్క కూడా ముందే వేసుకోండి. వీడియోను 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు) తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు నాలుగేసి గంటలు నడిస్తే ఒక్క పెండ్లికే 360 జీబీ. 512 జీబీ ఎస్‌ఎస్‌డీలో విండోస్, సాఫ్ట్‌వేర్లు పోగా మిగిలేది దానికే బొటాబొటి. అందుకని రెండో ఎం.2 స్లాటు (ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) ఉన్న మోడల్ చూసి, కొన్నాళ్లకు 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు దాచుకోవడానికే. దాని మీంచి ఎడిట్ చేస్తే టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంది. రెండు చోట్ల కాపీ అయ్యేదాకా మాత్రం కార్డు ఫార్మాట్ చేయకండి. ఆ ఇంటివాళ్లకు ఆ ఘడియ మళ్లీ రాదు.

ప్రశ్న: నా దగ్గర రైజెన్ 7, ఆర్‌టీఎక్స్ 4060, 16 జీబీ ల్యాప్‌టాప్ ఉంది. సోనీ కెమెరాలో తీసిన 4కే ఫైళ్లు ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇరుక్కుంటూ నడుస్తున్నాయి. డ్రోన్ ఫైళ్లు మాత్రం సాఫీగా పోతున్నాయి. కార్డు చెడిందా?
– ఒక వీడియో ఎడిటర్, మహబూబ్‌నగర్

జవాబు: కార్డు బాగానే ఉంది. మీ కెమెరా 4:2:2 10 బిట్‌లో (రంగుల సమాచారం ఎక్కువగా దాచే పద్ధతిలో) రికార్డు చేస్తూ ఉండాలి. ఆ రకం ఫైలును విప్పే హార్డ్‌వేర్ ఆర్‌టీఎక్స్ 40 సిరీస్‌లో లేదు, రైజెన్‌లోని గ్రాఫిక్స్‌లోనూ లేదు. భారమంతా ప్రాసెసర్ మీద పడుతోంది. డ్రోన్ ఫైళ్లు రంగుల సమాచారం తక్కువుండే 4:2:0 రకం కాబట్టి కార్డే విప్పేస్తోంది. క్లిప్ ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ చూడండి. వీడియో డీకోడ్ గీత కింద పడుకొని, సీపీయూ 90 దాటి కొట్టుకుంటూ ఉంటే ఇదే కారణం.

ఉన్న ల్యాప్‌టాప్‌తోనే నడిపించుకోవచ్చు. ప్రాజెక్ట్ ప్యానెల్‌లో క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో ప్రాక్సీ, క్రియేట్ ప్రాక్సీస్ నొక్కండి. ప్రాక్సీలంటే ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకళ్లు. ప్రోరెస్ ప్రాక్సీ ఎంచుకొని రాత్రి వదిలేస్తే పొద్దుటికి తయారవుతాయి. వీడియో కనబడే ప్రోగ్రామ్ మానిటర్ ప్యానెల్ కింద ఉన్న ప్లస్ గుర్తులోంచి టాగుల్ ప్రాక్సీస్ బటన్ తెచ్చి పెట్టుకొని ఆన్ చేయండి. ఎక్స్‌పోర్ట్‌లో అసలు ఫైళ్లే వెళ్తాయి, క్వాలిటీ తగ్గదు. డావిన్చీ రిజాల్వ్‌లో ఇదే పని జనరేట్ ప్రాక్సీ మీడియా చేస్తుంది.

ఇంకో మాట. టెంటు కింద, లైట్ల మధ్య మామూలు కవరేజీకి 4:2:2 అక్కర్లేదు. ఎస్-లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా వెలిసినట్టు తీసే సోనీ మోడ్) తీసి గట్టిగా గ్రేడింగ్ చేసే షాట్లకు ఉంచుకొని, మిగతాది సోనీ ఫార్మాటైన ఎక్స్‌ఏవీసీ ఎస్ 4:2:0 8 బిట్‌లో తీయండి. సగం తలనొప్పి అక్కడే పోతుంది.

కొత్తది కొనేవాళ్లు కూడా ఇది గమనించాలి. 11వ తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో వీడియోను విప్పే భాగమైన క్విక్ సింక్, హెచ్.265 పద్ధతిలో కుదించిన 4:2:2ను విప్పుతుంది. హెచ్.264 4:2:2 10 బిట్‌కు మాత్రం ఇంటెల్‌లో చాలా తరాలకు ఆ వీలు లేదు. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ రెండింటినీ విప్పుతుంది. ఏదైనా సరే, మీ కెమెరాలో తీసిన రెండు నిమిషాల క్లిప్ పెన్‌డ్రైవ్‌లో వెంట తీసుకెళ్లి, డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి, అక్కడే ఆడించి చూశాకే డబ్బు కట్టండి.

ప్రశ్న: ఆల్బమ్ ప్రింటయి వచ్చాక గద్వాల చీర ఎరుపు మండిపోతున్నట్టు వస్తోంది, ముఖాలేమో నల్లబడుతున్నాయి. ల్యాబ్ వాళ్లు మా తప్పు లేదంటున్నారు.
– ఒక ఆల్బమ్ డిజైనర్, వనపర్తి

జవాబు: ల్యాబ్‌ను అనుమానించే ముందు మీ స్క్రీన్‌ను చూడాలి. కొన్నప్పటి వివరాల్లో 45% ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ చూపే రంగుల కొలత) అని ఉంటే, అది ఫొటోలకు మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ శ్రేణి రంగుల్లో సుమారు మూడింట రెండు వంతులే చూపగలదు. ఎరుపు వెలిసినట్టు కనబడుతుంది, మీరు సాచురేషన్ పెంచుతారు, ప్రింటులో అదంతా బయటపడుతుంది. జరీ అంచు పక్కన ఎరుపులో నేత గీతలు కలిసిపోయి ఒకటే ముద్దగా వచ్చిందంటే కారణం దాదాపుగా ఇదే. ఎడిటింగ్‌కు 100% ఎస్‌ఆర్‌జీబీ ఐపీఎస్ స్క్రీనే కావాలి. ఒకే మోడల్ పేరుతో రెండు రకాల స్క్రీన్లూ అమ్ముతారు కాబట్టి, బిల్లు మీది పూర్తి మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో సరిచూసుకోండి. ఉన్న ల్యాప్‌టాప్‌కు 100% ఎస్‌ఆర్‌జీబీ మానిటర్ తగిలించుకున్నా పని అవుతుంది.

ముఖాలు నల్లబడటానికి కారణం బ్రైట్‌నెస్. స్క్రీన్ ఫుల్లుగా పెట్టి ఎడిట్ చేస్తే ఫొటో తెల్లగా అనిపించి, మీరు వెలుగు తగ్గిస్తారు. ప్రింటు పనికి 120 నిట్ల (స్క్రీన్ వెలుగు కొలత) బ్రైట్‌నెస్ చాలు. స్క్రీన్‌ను పసుపుగా మార్చే నైట్ లైట్ ఆఫ్ చేయండి. జేపెగ్‌ను, ల్యాబ్ వేరే అడిగితే తప్ప, ఎస్‌ఆర్‌జీబీలోనే సేవ్ చేయండి. ఆల్బమ్ మొత్తం పంపే ముందు ఒక షీటు తెప్పించుకొని, పగటి వెలుతురులో స్క్రీన్ పక్కన పెట్టి చూడండి.

ప్రశ్న: మ్యాక్‌బుక్ ఎయిర్ కొంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఫొటోలకు, చిన్న రీల్స్‌కు చక్కగా సరిపోతుంది, స్క్రీన్ కూడా బాగుంటుంది. కానీ దాంట్లో ఫ్యాను లేదు. గంటల కొద్దీ ఎక్స్‌పోర్ట్ పెడితే వేడెక్కి వేగం తగ్గుతుంది. ర్యామ్, స్టోరేజీ తర్వాత పెంచలేరు. మీరు ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవారైతే మ్యాక్ జోలికి పోకండి, అది విండోస్‌లోనే నడుస్తుంది.

ప్రశ్న: రేకుల గదిలో స్టూడియో. మే నెలలో ల్యాప్‌టాప్ బాగా నెమ్మదిస్తోంది. ఏం చేయాలి?
– ఒక స్టూడియో యజమాని, నల్లగొండ

జవాబు: ల్యాప్‌టాప్‌లను ఎక్కువగా 35 డిగ్రీల గదికే లెక్కగట్టి చేస్తారు. మన దగ్గర బయటే 43, 44 అయినప్పుడు రేకుల కింద ఇంకా ఎక్కువ. చిప్పు 95-100 డిగ్రీలకు చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పెద్ద ఎక్స్‌పోర్టులు రాత్రికి పెట్టండి. ల్యాప్‌టాప్ వెనక వైపు రెండు అంగుళాలు ఎత్తండి. ఎండలు ముదరక ముందే ఫ్యాన్ల దుమ్ము తీయించండి. ఎయిర్ కూలర్ తడిగాలి నేరుగా కొట్టేచోట పెట్టకండి. పవర్ ఆప్షన్లలో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ కనబడితే 100 తీసి 99 పెట్టండి. టర్బో (చిప్పు అదనంగా అందుకునే వేగం) ఆగి వేడి బాగా తగ్గుతుంది, వేగం మాత్రం కొంత పోతుంది.

రోజంతా చార్జింగ్‌లోనే ఉంచేవారు కంపెనీ యాప్‌లో చార్జింగ్ పరిమితిని 80% దగ్గర పెట్టుకోండి. వేడిలో నిండు చార్జింగ్ మీద ఉన్న బ్యాటరీ తొందరగా పాడవుతుంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత ఉబ్బినా చార్జింగ్ తీసేసి, బ్యాటరీ మార్పించేదాకా ఆన్ చేయకండి.